మూగజీవుల యాహారమున నిలువ మందులు

గడచిన వేసవి సెలవులకు ముందు మా తరగతి బాలుడొకడు కుక్కమేత తాలూకు ఖాళీ సంచి నొకదానిని తెచ్చి మా బల్లమీద నుంచి, “మాస్టరుగారూ, దీనిమీద అనుమతింపబడిన నిలువ పదార్థములు కలవని యున్నది. అనుమతించిన దెవరు? వాని పేర్లేమి?” అని యడిగెను. మేము సంచిని ఇటునటు త్రిప్పి చూచితిమి. మాంసకృత్తు లెంత, క్రొవ్వెంత, తేమ యెంత యను లెక్కలు కలవు గాని, బాలుని ప్రశ్నకు మాత్రము జవాబు లేదు. “తెలిసికొని చెప్పెదము” అని యానాడు మాట యిచ్చితిమి. ఆ మాట చెల్లించుకొనుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన పెదకాకాని ప్రాంతమున కుక్కలకు వేరుగా ఆహారము కొనుట పూర్వము లేదు. ఇంట మిగిలిన యన్నము, మజ్జిగ, ఎముక ముక్కలు తిని అవి మిరప కల్లములకు కావలి కాచెడివి. నేడో గుంటూరు అంగళ్లలో కుక్కమేత సంచులు బియ్యపు బస్తాలవలె పేర్చబడి యున్నవి. కొనువారిని మేము తప్పు పట్టము. పని యొత్తిడిలో నున్న గృహస్థులకు అది సౌకర్యమే. కాని దినదినము మన చేతితో పెట్టుదాని సంగతి మనకు తెలిసియుండవలదా?

మొదట నిలువ మందు లెందుకో చూతము. ఎండిన కుక్కమేతలో తేమ నూటికి పది పాళ్లకు మించకుండునట్లు చేయుదురు. అందువలన బూజు సులభముగా పట్టదు. కాని అందలి క్రొవ్వు గాలి సోకి ముక్కిపోవును. పాత నూనె కంపు పట్టుట మన తల్లులందరు నెరిగినదే. దాని నాపుటకు ఇథాక్సిక్విన్, బి.హెచ్.ఏ., బి.హెచ్.టి. అను కృత్రిమ రసాయనములను గాని, విటమిను ‘ఇ’ వంటి సహజ పదార్థములను గాని కలుపుదురు. బాగుగా కాచి డబ్బాలలో మూసిన మేతకు నిలువ మందుతో పనిలేదు. వేడియే క్రిములను చంపును.

వీనిలో ఎక్కువ వివాదమునకు గురియైనది ఇథాక్సిక్విన్. ఇది రబ్బరు చెడకుండుటకును, కోసిన ఆపిలు పండ్ల తొక్క నల్లబడకుండుటకును వాడబడిన మందు. మేతలో పది లక్షల పాళ్లకు 150 పాళ్ల వరకు దీనిని కలుపుటకు అమెరికాలో అనుమతి యుండెను. పాలిచ్చు కుక్కల కాలేయమున మార్పులు పరీక్షలలో కనబడగా, 1997వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వ శాఖ దానిని 75 పాళ్లకు తగ్గింపుడని తయారీదారులను కోరెను. అది కోరికయే గాని శాసనము కాదు. జపాను 2008లో పెంపుడు జంతువుల యాహారమునకై ప్రత్యేక చట్టము చేసి, కుక్కమేతకు ఈ 75 పాళ్ల హద్దునే విధించెను. ఐరోపా నిపుణులు 2015లో ఈ మందు క్షేమమని తేల్చుటకు చాలినంత యాధారము లేదనిరి. అందలి మలినమొకటి జీవకణముల బీజతత్త్వమునకు హాని చేయవచ్చునని సందేహించిరి. 2017లో పశువుల మేతలన్నిటను దాని యనుమతి నిలిపివేయబడెను.

విద్యార్థు లొక లెక్క చేయుదురు గాక. కిలోకు 75 మిల్లీగ్రాముల మందు గల మేతను పది కిలోల కుక్క దినమునకు 200 గ్రాములు తినునేని, దినమునకు 15 మిల్లీగ్రాములు, ఏడాదికి సుమారు అయిదున్నర గ్రాముల మందు దాని కడుపున పడును. మనము నేడొక కూర, రేపొక కూర తిందుము. కుక్కయో పదేండ్లు ఒకే సంచిలోనిది తినును. కావున మనుష్యుని కల్పమైనది కుక్కకు నల్పమే యని యెంచరాదు.

అట్లని యన్ని రసాయనములను ఒకే గాట కట్టుటయు న్యాయము కాదు. బి.హెచ్.ఏ. వలన ఎలుకల ముందరి కడుపున పుండ్లు, కంతులు పుట్టినవి. అట్టి ముందరి కడుపు కుక్కకు గాని మనుష్యునికి గాని లేదు. కావున ఆ భయ మెంతవరకు మనకు వర్తించునో యోచింపవలసియున్నది. మరియొక ప్రక్క, ఆస్ట్రేలియాలో జంతువులకై యమ్ము మాంసమున గంధకపు మందు కలుపగా, అది బి1 విటమినును నశింపజేసి కుక్కలకు, పిల్లులకు నరముల వ్యాధి కలిగించినది. ప్రొపిలీన్ గ్లైకాల్ అను పదార్థము పిల్లుల యెర్ర రక్తకణములకు చెరుపు చేయునని అమెరికాలో 1996లో పిల్లి మేతనుండి తొలగింపబడెను. కుక్క మేతలో నిషేధింపబడలేదు. ఒక ప్రాణికి ఒప్పినది వేరొక ప్రాణికి ఒప్పదని దీనివలన తెలియుచున్నది.

“మనుష్యులకే తిండి లేని దేశమున కుక్కల తిండినిగూర్చి విచార మేల?” అని కొంద రనవచ్చును. వారికి మా జవాబిది. పశువుల మేతలోని మందు మేతలోనే యుండిపోదు. రొయ్యల మేతకై వాడు చేపల పొడి దారిలో వేడెక్కి అంటుకొనకుండ ఇథాక్సిక్విన్ కలుపుదురు. ఆ మేత తిన్న మన దేశపు రొయ్యలలో ఆ మందు అవశేషము కనబడగా జపాను 2012లో సరకులను పరీక్షలకు గురిచేసెను. అప్పటి హద్దు పది లక్షలలో నూరవ వంతు పాలు. 2014లో దానిని 0.2కు పెంచువరకు మన తీరపు రొయ్యల రైతులు, వర్తకులు పడిన యాందోళన యింతింత కాదు. అమెరికా నిబంధనలలో మిరపపొడి రంగు నిలుచుటకును ఇదే మందునకు 100 పాళ్ల వరకు అనుమతి వ్రాయబడియున్నది! గుంటూరు టిక్కీలు దేశదేశములకు పోవు ఈ సీమలో, 2003లో ఐరోపా మన దేశపు కారములో సూడాన్ రంగును పట్టుకొన్న సంగతి మరువరాదు. అది నిలువ మందు కాదు, కల్తీ రంగు. అయినను కంటికి కనబడని దానివలన ఒక సీమ నమ్మకమే చెడునని అది మనకు నేర్పినది.

“మందులు లేనిది” అని సంచిమీద నుండినంత మాత్రమున ప్రమాదము లేదనుటయు పొరపాటే. కొన్న చేపల పొడిలో ముందే మందుండగా, తయారీదారు తాను కలుపలేదని చెప్పవచ్చును. నిజముగా లేనిచో, మన యెండలలో క్రొవ్వు త్వరగా ముక్కును. బూజు విషము మరింత క్రూరమైనది. 1960లో ఇంగ్లాండున బూజు పట్టిన వేరుసెనగ పిండి తిని లక్షకు పైగా సీమకోళ్లు చచ్చినవి. అఫ్లటాక్సిన్ అను విషము అప్పుడే బయటపడెను. 2020 డిసెంబరు మొదలు అమెరికాలో ఈ విషమే కల మొక్కజొన్న మేత తిని నూటపదికి పైగా కుక్కలు మరణించినవి. తడి కాయను కల్లమున నార్చక కుప్ప పోసిన నేమగునో మన రైతుల కెరుకయే.

కావున మా యభిప్రాయ మిది. నిలువ మందు వాడుటయే నేరము కాదు. దాని పేరు దాచుట నేరము. ప్రతి సంచిమీదను మందు పేరు, పరిమాణము, ముడిసరకుతో వచ్చిన దానితో సహా, తెలుగులో కూడ ముద్రింపబడవలెను. భారత ప్రమాణముల సంస్థ కుక్కల, పిల్లుల యాహారమునకు ప్రమాణ మేర్పరచియున్నది. ఆ ముద్ర కలదా యని యంగడివానిని అడుగుట కొనువాని ధర్మము.

ఇక గృహములలో చేయదగినవి. చిన్న సంచులు కొనుడు. మూత గట్టిగ బిగించి చల్లని పొడిచోట నుంచుడు. కంపు పట్టినదానిని పారవేయుడు. ఇంటి యన్నము పెట్టువారు ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాకొలేటు, కారము తగులనీయకుడు. వట్టి యన్నముతో పోషణ చాలదు గాన, గ్రుడ్డు, మాంసము, పప్పు ఎంతెంత పెట్టవలెనో పశువైద్యు నడుగుడు. మేతను ఒక్కసారి మార్పకుడు.

ప్రియ విద్యార్థులారా, కుక్క సంచిమీది యక్షరములను చదువలేదు. కడుపునొప్పి వచ్చిన చెప్పుకొనలేదు. చదువు వచ్చినవారము మనము. ఆ బాలుని ప్రశ్నకు మేము పూర్తిగా జవాబు చెప్పగలిగితిమో లేదో కాని, సంచిని పారవేయక చదివిన యతని యలవాటు మీకందరికి నలవడునుగాక. అది నేడు కుక్కను కాపాడును. రేపు ఇంటిల్లిపాదిని కాపాడును.