దగ్గు లేని క్షయ



మార్చి 24న క్షయ దినోత్సవం సందర్భంగా మీ పత్రిక వేసిన పేజీ చదివాను. బొమ్మ మళ్లీ అదే, ఛాతీ పట్టుకుని దగ్గుతున్న బక్కచిక్కిన మనిషి. మా ఊరి ఆసుపత్రి గోడ మీదా అదే బొమ్మ. టీబీ అంటే దగ్గే అని అందరం నమ్మబట్టి మా అమ్మ జబ్బు బయటపడడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అమ్మ ఒక్క రోజు కూడా దగ్గలేదు. నడుముకు కాస్త పైన నొప్పి అనేది. మిరప కోతల్లో వంగి వంగి పట్టేసిందనుకున్నాం. ముందు ఆర్‌ఎంపీ సూదులు, తర్వాత టౌన్‌లో బెల్టు, పూత మందులు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లు "రెండు వారాల నుంచి దగ్గుందా" అని అడిగారు. లేదంది. పక్కింటికి వెళ్లిపోయారు. కాళ్లు తిమ్మిరెక్కి మంచం దిగలేని రోజున ఎంఆర్‌ఐ తీయిస్తే రెండు వెన్నుపూసలు, వాటి మధ్య డిస్కు తినేసి ఉన్నాయి. పక్కనే చీముగడ్డ. పైకి ఎరుపు, వేడి ఏమీ తెలియకుండా లోలోపల పెరిగే గడ్డ అది. ఈ వెన్ను క్షయను లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1779లోనే వర్ణించాడు. రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని ప్రకటించిన 1882కి వందేళ్ల ముందు మాట!

క్రిమి ఎక్కువగా ఊపిరితోనే లోపలికి వస్తుంది. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోనో లింఫు నాళాల్లోనో ఎక్కడికైనా పోతుంది. ఏళ్ల తరబడి పడుకుని ఉండి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. మన పెద్దలు గండమాల అన్న మెడ గడ్డల్లో చాలా వరకు ఇదే. పేగుల్లో, కిడ్నీల్లో, గుండె చుట్టూ ఉండే పొరలో కూడా వస్తుంది. మెదడు పొరలకు పాకితే వారాల తలనొప్పి, వాంతులు, తర్వాత మతి తప్పడం. ఆలస్యమైతే ప్రాణం పోతుంది, బతికినా చూపో వినికిడో పోవచ్చు. గర్భాశయ నాళాల్లో చేరితే నొప్పి కూడా లేకుండానే అవి మూసుకుపోతాయి. గొడ్రాలన్న మాట పడుతూ గుళ్ల చుట్టూ తిరిగే ఆడవాళ్లలో కొందరికి ఉన్నది ఈ జబ్బేనని ఎవరు చెబుతున్నారు?

ఊపిరితిత్తుల టీబీయే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, కాబట్టి దగ్గు మీదే దృష్టి పెట్టాలి అనేవారున్నారు. అంటుకునే మాట నిజమే. మిగతా అవయవాల టీబీ సాధారణంగా ఇతరులకు సోకదు. అంతమాత్రాన ఆ రోగిని వదిలేస్తామా? మన దేశంలో నమోదయ్యే క్షయ రోగుల్లో సుమారు ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి జబ్బు ఊపిరితిత్తుల బయటే ఉంటోంది. మందులు సర్కారు ఉచితంగానే ఇస్తోంది. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. ఇవి అందాలంటే ముందు జబ్బు ఉందని తెలియాలి కదా. సర్వేలో దగ్గుతో పాటు మెడ మీద గడ్డ, తగ్గని వెన్నునొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం గురించి ప్రతి ఇంట్లో అడగాలి. గోడ మీద బొమ్మలూ మారాలి.

డాక్టర్లకు కూడా ఒక విన్నపం. అమ్మ వెన్ను నుంచి తీసిన ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేశారు. అందులో క్రిమి చచ్చిపోతుంది. క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు, దాని జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు ఆ ముక్క పనికిరాదన్నారు. ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడానికి అంత నొప్పిలో ఆమె మళ్లీ సూది పొడిపించుకోవలసి వచ్చింది. దయచేసి రెండు సీసాలు పెట్టండి, ఒకటి ఫార్మలిన్‌తో, ఒకటి ఉత్త సెలైన్‌తో. గడ్డ నుంచి ముక్క తీస్తామని డాక్టరు చెప్పినప్పుడు, సెలైన్‌లో కూడా పంపుతున్నారా అని రోగి తాలూకు వాళ్లు అడగాలి. ఆ రోజు మాకు అడగాలని తెలియలేదు.

— ఒక పాఠకురాలు, నరసరావుపేట