ఆపరేషన్ తరువాత నొప్పికి ఆకుపంక్చర్

ఆపరేషన్ అయిన మనిషికి ఆకుపంక్చర్ చేయిస్తే నొప్పి తగ్గుతుందా, మందులు మానెయ్యవచ్చా అని కొందరు పాఠకులు అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు 'కొంతవరకు'. రెండోదానికి 'వద్దు'.

1971 జూలైలో చైనా వెళ్ళిన న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. మత్తు లేకుండా సూదులు గుచ్చే ఆయన పొట్ట కోశారని ఇప్పటికీ కొందరు చెబుతారు. అది పొరపాటు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజక్షన్‌తోనే చేశారు. రెండో రాత్రి పొట్ట ఉబ్బరించి బాధపడుతుంటే కుడి మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సన్నని సూదులు గుచ్చారు. ఒక మూలికను వెలిగించి పొట్టకు దగ్గరగా పట్టుకున్నారు. గంట లోపల ఉబ్బరం తగ్గిందని ఆయనే రాశారు. పాశ్చాత్య దేశాల్లో ఈ వైద్యం మీద ఆసక్తి పెరగడానికి ఆ వ్యాసం ఒక ముఖ్య కారణం.

సూది గుచ్చినప్పుడు నరాలు ప్రేరేపితమై, నొప్పిని అణచే ఎండార్ఫిన్లు శరీరంలోనే ఊరుతాయి. కొన్ని పరిశోధనల్లో ఆకుపంక్చర్ చేయించుకున్న రోగులకు నొప్పి మందు కాస్త తక్కువ సరిపోయింది. అయితే ఉత్తుత్తి సూదులతో పోల్చి చూస్తే తేడా అంత పెద్దగా లేదు. అందుకే దీన్ని మందుకు తోడుగా వాడవచ్చు గాని, మందుకు బదులుగా కాదు.

ఆపరేషన్ తరువాత వచ్చే వికారం, వాంతుల విషయంలో మాత్రం రుజువు గట్టిగా ఉంది. మణికట్టు లోపలివైపు, ముడతకు రోగి వేళ్ళతో మూడు వేళ్ళ పైన, రెండు నరాల్లా కనబడే స్నాయువుల మధ్య ఒక చోటు ఉంది. అక్కడ సూదే అక్కర్లేదు, బొటనవేలితో నొక్కినా ఉపశమనం కలగవచ్చు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి మాత్రం ముట్టుకోవద్దు.

మందులు అలవాటైపోతాయన్న భయంతో నొప్పిని ఓర్చుకునేవారు మన ఇళ్ళల్లో ఎక్కువ. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ, "ఓర్చుకుంటాన్లే నాయనా" అంటూ మాత్రలు దిండు కింద దాచేది. కుట్లు లాగుతాయని దగ్గేది కాదు, లేచి నడిచేది కాదు. మూడో రోజుకు ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వచ్చింది. కోలుకోవడానికి మరో రెండు వారాలు పట్టింది. నొప్పి తగ్గించడం సుఖం కోసమే కాదు. గట్టిగా ఊపిరి పీల్చడానికి, దగ్గడానికి, నడవడానికి. కదలకపోతే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

ఆకుపంక్చర్ చేయించదలిస్తే ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుతో చెప్పండి. శిక్షణ పొందినవారి దగ్గరకే వెళ్ళండి. ప్రతిసారీ కొత్త సూదులు, మీ కళ్ళ ముందే పొట్లం విప్పి వాడాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారు సూదులకు కరెంటు పెట్టించుకోకూడదు. గాయం మీద, దాని పక్కన గుచ్చనివ్వవద్దు.

రోజులు గడిచేకొద్దీ నొప్పి తగ్గాలి. పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా సూదుల కోసం వెతక్కండి. వెంటనే ఆస్పత్రికి రండి. ఆ నొప్పి మీకేదో చెబుతోంది. దాని నోరు నొక్కవద్దు.