వాడిన సెల్లులు – పౌరధర్మము

కేంద్ర ప్రభుత్వమువారు 2022వ సంవత్సరము ఆగస్టు మాసమున వాడిన బ్యాటరీల నిర్వహణకై నూతన నిబంధనలను ప్రకటించిరి. అంతకుముందు 2001 నుండి అమలులో నుండిన నిబంధనలు సీసపు బ్యాటరీలకు మాత్రమే వర్తించెడివి. క్రొత్త నిబంధనలు టార్చిలైటులోని సెల్లు మొదలుకొని విద్యుద్వాహనములోని బ్యాటరీ వఱకు సమస్తమును తమ పరిధిలోనికి దెచ్చినవి. తయారుచేయువారును, దిగుమతి చేసికొనువారును వాడిన బ్యాటరీల సేకరణకు బాధ్యులు. వానిని పూడ్చిపెట్టరాదు, కాల్చరాదు. గృహస్థు వానిని ఇంటిచెత్తలో గలుపరాదు. శాసనము చక్కగనే యున్నది. అది మన వీధిలోనికి వచ్చినదా యనునదియే ప్రశ్న.

ఇన్వర్టరు బ్యాటరీ చెత్తకుప్పకు బోదు. అందలి సీసమునకు వెల కలదు గనుక దుకాణదారుడే పాతదానిని పుచ్చుకొని క్రొత్తదాని ధరలో దగ్గించును. గడియారపు సెల్లునకట్టి యాదరము లేదు. అది అరటితొక్కలతోడను, ఎంగిలి మెతుకులతోడను గలిసి మునిసిపల్ బండి నెక్కుచున్నది. అయినను వెల యొక్కటియే రక్ష కాజాలదు. అనుమతి లేని కొలుములలో సీసమును గరగించువారు ఆమ్లమును మురుగుకాలువలలో బోయుచున్నారు. ఆ పొగయు ధూళియు పసిబిడ్డల మెదడునకు దీరని హాని చేయును.

బ్యాటరీలన్నియు సమానముగ విషపూరితములని మేము చెప్పము. నేటి సాధారణపు పెన్సిలు సెల్లులో ముఖ్యముగ నుండునవి తుత్తునాగమును, మాంగనీసును. పూర్వము కలుపుచుండిన పాదరసమును చాలవఱకు మానిరి. కాని కొన్ని పాత రీచార్జి బ్యాటరీలలో కాడ్మియము గలదు. జపాను దేశమున జింజూ నదిలోనికి గనులనుండి దిగిన కాడ్మియము వరిపొలములకు బాఱి, ఆ యన్నము దిన్నవారి యెముకలను బెళుసుచేసెను. ఆ వ్యాధికి గారణమిదియేయని 1968లో ఆ ప్రభుత్వ మంగీకరించెను. అది గని చేసిన కీడే గాని బ్యాటరీ చేసినది కాదు. లోహము మాత్ర మొక్కటియే. ఇక సెల్‌ఫోనులోని లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగినచో తనంతట దానే మండగలదు. గుండీ సెల్లును బిడ్డ మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును.

ఈ ప్రమాదము ముందుగ నెవరికి? బ్యాటరీని బారవైచినవానికి గాదు. చేతొడుగులు లేని చేతులతో చెత్తను వేఱుచేయు పారిశుద్ధ్య కార్మికునకును, కుప్పలలో నేఱుకొని జీవించు నిరుపేదకును. నిబంధన వ్రాసినవాడు ఢిల్లీలో నున్నాడు. విషమును దాకు చేయి మన వీధిలో నున్నది.

ఇందు ధననష్టమును గలదు. లిథియము, కోబాల్టు, నికెలు మనము విదేశములనుండి కొని తెచ్చుకొను లోహములు. తగిన కర్మాగారమున వాడిన బ్యాటరీనుండి వీనిని మరల రాబట్టవచ్చును. వానిని చెత్తలో గలుపుట పరదేశమునకు రొక్క మిచ్చి కొన్న వస్తువును మట్టిపాలు చేయుటయే.

కావున గృహస్థు చేయవలసినది స్వల్పము. వాడిన సెల్లులను పొడిగానున్న ప్లాస్టిక్కు డబ్బాలో బిల్లల కందనిచోట నుంచవలెను; ఇనుపడబ్బా పనికిరాదు. లిథియం బ్యాటరీల కొనలకును, గుండీ సెల్లులకును టేపు నంటింపవలెను. ఉబ్బిన బ్యాటరీని పొడువరాదు, మంటలో వేయరాదు.

కాని డబ్బా నిండిన పిమ్మట దాని నెచ్చట నప్పగింపవలెను? ఇందులకు సమాధానము చెప్పనిదే పౌరుని నిందించుట న్యాయము గాదు. మునిసిపాలిటీవారు ప్రతి వార్డునను ఒక సేకరణస్థానము నేర్పఱచి, కాలుష్యనియంత్రణ మండలియొద్ద నమోదైన శుద్ధికర్తలకే సరకు నప్పగించి, ఎంత వచ్చినదో యెచ్చటికి బోయినదో నెలకొకసారి లెక్క ప్రకటింపవలెను. లెక్క లేని సేకరణ చెత్తకుప్పను స్థలము మార్చుటయే యగును. అమ్మిన దుకాణదారుడు పాతదానిని పుచ్చుకొనుటకు దయారీదారులు ఏర్పాటు చేయవలెను. లాభము వారిదియు, శేషము వీధిదియు నగుట ధర్మము గాదు.

గ్రంథాలయములును, పాఠశాలలును తమ వాకిట నొక పెట్టె నుంచవచ్చును. చదువరులు తమ వార్డు సభ్యుని గలిసికొని, మా వార్డు సేకరణస్థాన మెక్కడయని యడుగవలెను. సమాధానము వచ్చువఱకు మరల మరల నడుగవలెను. అడుగువారు లేనిచోట శాసనము కాగితముననే యుండును.