గడీల మీద తిరుగుబాటును మతం లెక్కలో రాయడం తగదు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని ముస్లిం ప్రభువైన హైదరాబాద్ నిజాం మీద హిందూ ప్రజల తిరుగుబాటుగా చెప్పడం ఇప్పుడు పరిపాటి అయింది. ఆ లెక్కన నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17తో కథ ముగియాలి. తుపాకులు మాత్రం 1951 అక్టోబరు దాకా మోగాయి. ఈ మూడేళ్లకు మతం కథనం దగ్గర జవాబు లేదు.

జవాబు భూమి దస్త్రాల్లో ఉంది. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును సర్కారు చేతికి తెచ్చినప్పుడు, అంతకుముందు ఆ పని చేసిన దేశ్‌ముఖులకు రుసుములు దక్కాయి. భూములు కొలిచి పట్టాలు రాసేటప్పుడు మంచి భూములన్నీ వాళ్ల పేరనే చేరాయి. విసునూరు దేశ్‌ముఖు కింద 60 గ్రామాల్లో 40 వేల ఎకరాలు ఉండేవని చెబుతారు. 1929 తర్వాతి మాంద్యంలో పంట ధరలు కూలి, అప్పు తీర్చలేని చిన్న రైతుల చెలకలు దొరలకు, షావుకార్లకు పోయాయి. ఆపైన యుద్ధకాలపు ధాన్యం లెవీ వచ్చింది. వీటన్నిటి కింద వెట్టి ఉండనే ఉంది: చాకలి, కుమ్మరి, మాదిగ ఇళ్లవాళ్లు కూలి లేకుండా గడీకి, అంటే దొర ఇంటికి, చాకిరీ చేయాల్సిందే.

ఈ దోపిడీకి తలవంచనివాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖుతో కోర్టులో పోరాడిన షేక్ బందగీ 1940లో హత్యకు గురయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకుపోవాలని చూసింది ఆ దేశ్‌ముఖే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది ఆయన గూండాలే. ఈ దొరది హిందూ మతమే.

నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దురాగతాలు నిజం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఎవరూ చిన్నది చేయకూడదు. కానీ ఆ రజాకార్ల అండ కోరిన హిందూ దొరలు తక్కువమంది కారు. సర్కారుకు శిస్తు కావాలి, దొరలకు తుపాకి కావాలి. ఆ బేరంలో మతం అడ్డు రాలేదు.

పోరాటాన్ని నడిపిన సంఘం (ఆంధ్ర మహాసభ) చేసిన భూముల పంపకం మరింత స్పష్టమైన సాక్ష్యం. మొదట 500 ఎకరాలుగా పెట్టిన భూపరిమితిని, తర్వాత 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరికి తగ్గించారు. ఈ పరిమితి ఎకరాలను చూసిందే తప్ప భూస్వామి ఏ మతంవాడో చూడలేదు. 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామన్నది కమ్యూనిస్టు పార్టీ చెప్పిన లెక్క. భారత సైన్యం వచ్చాక, పారిపోయిన దొరలు ఆ వెనకే ఊళ్లకు తిరిగొచ్చి పంచిన భూములు లాక్కోబోయారు. నిజాం పోయాడు కనుక ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటి నాయకులు వాదించినా, చేతికొచ్చిన చెలకను వదులుకోలేకే దళాలు అడవి పట్టాయి.

ప్రభుత్వం వెతికిన మందు కూడా భూమే. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం వరుసగా వచ్చాయి. అదే కాలంలో, 1950 జనవరి 26న, నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. దొరల మీద పోరాడిన రైతులకు మాత్రం జైళ్లు, కాల్పులు మిగిలాయి. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు.