ఈతయా? మునకయా?

పల్లెటూళ్లలో పిల్లవానికి ఈత నేర్పువారు మొదట వీపునకు బెండ్లు కట్టి దిగుడుబావిలోనికి దింపుదురు. కాళ్లు చేతులు ఆడించుట అలవడినకొలది ఆ బెండ్లను ఒక్కొక్కటిగా తీసివేయుదురు. బెండు లేకుండ త్రోసివేసినను బ్రతికి బయటపడువారు కొందరుందురు. కాని త్రోసినవానిని ఎవ్వరును గురువనరు. పసిపిల్లలకు పరభాషలో చదువు చెప్పు విషయమునను ఈ భేదము గమనింపదగినది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలను ఆంగ్ల మాధ్యమమునకు మార్చుచు ఉత్తర్వులు వెలువరించగా, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరమున తన బడులలో ఆంగ్ల మాధ్యమమును ప్రారంభించినది. వాదములు ఎట్లున్నను, రెండు రాష్ట్రములలోను ఒక మంచిపని జరిగినది: ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో అదే పాఠము ఆంగ్లమున ఉండునట్లు పుస్తకములు అచ్చయినవి. బెండు దొరికినది. అది పిల్లవానికి కట్టబడుచున్నదా, లేదా అనునదే ప్రశ్న.

పరభాషలో చదివినంతమాత్రమున పిల్లలు చెడరనుటకు కెనడా దేశమున సాక్ష్యము కలదు. 1965 సెప్టెంబరులో, మాంట్రియల్ నగరము చెంతనున్న సెయింట్ లాంబర్ట్ పట్టణమున, ఇంట ఆంగ్లము మాట్లాడు 26 మంది పిల్లలు ఫ్రెంచి శిశుతరగతిలో చేరిరి. తల్లిదండ్రులే పట్టుబట్టి ఆ తరగతిని పెట్టించిరి. రెండవ తరగతి మొదలు ఆంగ్ల పాఠమును చేర్చిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ అను పరిశోధకులు ఆ పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించి 1972లో గ్రంథము ప్రకటించిరి. పిల్లలు ఆంగ్లమునను గణితమునను తోటివారికి తీసిపోలేదు. ఫ్రెంచి వినుటలోను చదువుటలోను మిగుల ముందంజ వేసిరి. మాట్లాడుటలో మాత్రము ఫ్రెంచివారి బిడ్డలతో పూర్తిగ సరితూగలేదు.

ఈ ఫలితమును చెప్పువారు దాని వెనుకనున్న ఏర్పాట్లను కూడ చెప్పవలెను. మొదట పిల్లలు ఆంగ్లమున పలికినను ఉపాధ్యాయిని గ్రహించి ఫ్రెంచిలో బదులిచ్చెడిది. తరగతిలో అందరును ఫ్రెంచి ఎరుగనివారే గనుక ఒకరి ముందు ఒకరికి సిగ్గు లేదు. బడి వెలుపల వారి మాతృభాషకు ధనబలము, అధికారబలము కలవు. అది తరిగిపోవునను భయము లేదు. ఉన్న భాషకు మరొకటి కూడు స్థితి వేరు, కొత్తది వచ్చి పాతదానిని తీసివేయు స్థితి వేరు అని లాంబర్టే గుర్తించి చెప్పెను.

మన కూలివాని బిడ్డ సంగతి చూడుడు. ఇంట ఆంగ్లము వినపడదు. చెప్పు పంతులుగారును తెలుగున చదివి వచ్చినవారే కావచ్చును. పాఠమును తెలుగున వివరించి, జవాబులను ఆంగ్లమున బట్టీ పట్టించినచో, ఆ బిడ్డకు విషయము ఒకచోట, మాట ఒకచోట మిగులును. పరీక్ష ఆంగ్లముననే వ్రాయవలెనన్నచో తెలుగు పుట అలంకారమగును. ఇక మన్యములోని సవర, కోయ, కువి బిడ్డలకు రెండు పుటలును పరాయివే. వారివంటి వారికై ఉమ్మడి రాష్ట్రమున 2004లో ప్రారంభమైన కార్యక్రమము క్రింద ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపిని వాడి, వాచకములు సిద్ధపరచిరి. మాధ్యమమును గూర్చిన వాదములలో ఆ మాట తలచువారు అరుదు.

ఆంగ్లము కోరు తల్లిదండ్రులను నిందింపరాదు. కలవారి బిడ్డలకు లభించునది తమ బిడ్డలకేల వలదని వారడుగు ప్రశ్న న్యాయమైనది. తమ పిల్లలను ఆంగ్ల పాఠశాలలకు పంపుచు ఇతరులకు మాతృభాషా మహిమను బోధించుట పెద్దమనుషులకు శోభింపదు. అయితే ఆ బిడ్డలకు ఇవ్వవలసినది ఆంగ్లము గాని ఆంగ్లపు భయము కాదు. అక్షరములను, చదువుటను ఇంటిభాషలో కుదురుకొననిండు. ఆంగ్లమును మొదట వినికిడిగ, మాటగ, ఆటగ నేర్పుడు. జవాబును పిల్లవాడు ఏ భాషలో వ్రాసినను మార్కులిండు. రెండు భాషలలోను తడబడని ఉపాధ్యాయులను తయారుచేయుడు. వీనిలో ధనమును కాలమును ఎక్కువ కోరునది చివరిదే. మాధ్యమము మార్చుటకు ఒక ఉత్తర్వు చాలును. ఉపాధ్యాయుని తీర్చిదిద్దుటకు ఏండ్లు పట్టును. ఆ శ్రమకు సిద్ధపడని ప్రభుత్వము, ఏ పక్షముదైనను, పిల్లలను బావిగట్టున నిలబెట్టి వెనుకనుండి త్రోయుచున్నదనియే చెప్పవలెను.