మాటలాడు మరయు, మానని చుట్టయు

పొగత్రాగువారిని ఆ దురభ్యాసమునుండి మరలించుటకు మాటలాడు యంత్రము చాలునను వాదమొకటి నేడు విద్యావంతులలో వ్యాపించుచున్నది. కోరిక పొడమినంతనే చేతిలోని ఫోనును పిలువవలెనట. అది మృదుస్వరమున ఊపిరిని గమనింపుమనియు, కోరికను సాక్షివలె చూడుమనియు బోధించునట. అంతట చుట్ట తనంతఁ దానే జాఱిపోవునట! దీనిని నమ్ముటకంటె చుట్ట మానుటయే సులభమని మాకు తోఁచుచున్నది.

మేము ధ్యానమును నిందించువారము కాము. కోరికను అణఁపక, దానికి లొంగక, అది పెరిగి విఱుగుటను ఊరక చూచుచుండుట బౌద్ధభిక్షువులు స్మృతి యను పేర నేర్పిన పాతవిద్య. అమెరికాలో 88 మందిపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో, గురువు నెదుటఁ గూర్చుండి దీనిని అభ్యసించినవారిలో 17 వారములకు నూటికి 31 మంది పొగ మానియుండిరి. వాడుకలోనున్న బోధ వినినవారిలో 6 గురే. ఆశ గొలుపు మాటయే. అయితే ఈ విద్యనే ఫోనులో నిమిడ్చి పరీక్షించినప్పుడు, ఆఱునెలల పిమ్మట మానినవారి సంఖ్యలో ఆధిక్యమేమియు కనఁబడలేదు. 2022లో కాక్రేన్ సమీక్షకులు పరిశోధనలను సమకూర్చి చూచి, ధ్యానము ఇతర సహాయములకంటె మేలనుటకు స్పష్టమైన నిదర్శనము లేదనిరి. గురువును తొలఁగించి గొంతుకను మాత్రము మిగిల్చినచో విద్య నిలుచునా యని మా యనుమానము.

అదియటుండనిండు. ఈ బోధ యెవరికి? శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి త్రాగుదురు. దానికి అడ్డపొగయని పేరు. ఆ వేఁడికిని పొగకును అంగిలి కమలును. కొందఱికి అచ్చటనే క్యాన్సరు పుట్టును. ఆ తల్లి నోటిలోని మచ్చను ఏ గొంతుక చూడఁగలదు? ఆమెకు వలసినది నోరు తెఱపించి దీపము పట్టి చూచు వైద్యుఁడు, చుట్ట మానిన నాలుగవనాఁడు గుమ్మములోనికి వచ్చి, "ఏమమ్మా, ఎట్లున్నావు?" అని పలుకరించు మనుష్యుఁడు.

1976 నుండి గుంటూరున పొగాకు బోర్డును నిలిపి యా పంటను పోషించు ప్రభుత్వమే, 2018 నుండి సిగరెట్టుపెట్టెలపై 1800-11-2356 అను సంఖ్యను అచ్చువేయించి నేఁడే మానుఁడనుచున్నది. ఈ వింత యట్లుండఁగా, ఆ పిలుపునకు బదులు పలుకువారు మనుష్యులగుట మెచ్చఁదగినదే. యంత్రమును పొగడు మిత్రులకు, అట్టి మనుష్యులను పల్లెపల్లెకు పంపుమనియు, నికొటిను గమ్మును ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమునను ఉచితముగా నుంచుమనియు అడుగుటకు మాత్రము నోరేల రాదు?