టీకా ముందు కుక్కకు

కుక్క కరిచిందని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, పెంపుడు కుక్కా, వీధి కుక్కా అని. రెండోది, ఆ కుక్క ఇప్పుడెలా ఉందని. అక్కడే అందరూ నీళ్లు నములుతారు. కరిచిన కుక్క పది రోజులు గడిచినా హుషారుగా తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ వైరస్ లేనట్టే. చచ్చిపోతే మెదడు నమూనా ల్యాబ్‌కు వెళ్లాలి. ఈ రెండూ పశువైద్యుడు చూడాల్సిన పనులు. ఆయన ఆస్పత్రి రెండు వీధుల అవతలే ఉన్నా కబురు పెట్టేవారుండరు. కాటు పడిన మనిషి వైద్య శాఖ రిజిస్టర్‌లో ఉంటాడు. కుక్కేమో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లన్న మాట పాతతరం వాళ్లకు ఇంకా గుర్తే. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911 నాటికి రూపొందించిన ఆ టీకాను గొర్రె మెదడు నుంచి తీసేవారు. దేశంలో దాని తయారీ 2004లో ఆగింది. ఇప్పుడు సూది భుజానికే. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా గాయంలోకి, దాని చుట్టూ ఎక్కిస్తారు. మనిషికి చేసే వైద్యం ఇంత మెరుగుపడ్డా, భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల అంచనాలో ఏటా సుమారు 91 లక్షల జంతు కాట్లు, 5,700కు పైగా రేబిస్ మరణాలు తేలాయి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు నేటికీ లేదు.

వీధి కుక్కల కథలో పశువైద్యం తీర్చాల్సిన పాత బాకీ ఒకటుంది. డైక్లోఫెనాక్ మన ఒంటినొప్పుల మందే. చవగ్గా దొరకడంతో 1990లలో ఆవులకూ గేదెలకూ విరివిగా పొడిచారు. ఆ పశువులు చచ్చాక కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై రాలిపోయాయి. కారణం తేల్చిందీ పశువైద్య శాస్త్రవేత్తే. పాకిస్తాన్‌లో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో ఆ సంగతి బయటపెట్టింది. 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించేసరికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా మాయమయ్యాయి. ఊరి చివర కళేబరాలు కుక్కల పాలయ్యాయి, కుక్కలు పెరిగాయి. నిషేధం తర్వాతా మనుషుల పేరుతో పెద్ద సీసాలు అమ్ముతూ పశువులకు వాడారు. చివరికి 2015లో ఆ సీసా 3 మిల్లీలీటర్లు దాటకూడదని కట్టడి చేయాల్సి వచ్చింది. మన వ్యాపార తెలివి అలాంటిది!

ఇలా పెరిగిన కుక్కల్లో రేబిస్‌ను ఆపడానికి గోవా వాళ్లు ఒక దారి చూపించారు. అక్కడ ప్రభుత్వం, మిషన్ రేబిస్ సంస్థ కలిసి ఏటా దాదాపు 95 వేల కుక్కలకు టీకాలు వేశాయి. వలలతో పట్టి, సూది వేసి, వేసిన గుర్తుగా రంగు పూసి, ఏ వీధిలో ఎన్నింటికి వేశారో ఫోన్ యాప్‌లో ఎక్కించేవారు. పిచ్చి కుక్క కనిపించిందని ఫోన్ వస్తే బృందం వెళ్లేది. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వైరస్ వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అది గోవాలో రుజువైంది. 2018 నుంచి వరుసగా మూడేళ్లు అక్కడ మనుషుల్లో ఒక్క రేబిస్ మరణమూ నమోదు కాలేదు. ఆస్పత్రుల్లో కొత్త మందేదీ రాలేదు, ప్రధానంగా జరిగింది కుక్కల్లో జబ్బు తగ్గడమే.

2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను అంతం చేస్తామని కేంద్ర ఆరోగ్య, పశుసంవర్ధక శాఖలు 2021లో కలిసి ప్రణాళిక ప్రకటించాయి. కాగితం బాగుంది. టీవీ చర్చల్లో మాత్రం కుక్కల ప్రేమికులు, కుక్కల ద్వేషులు కొట్టుకోవడంతోనే సరిపోతోంది. డబ్బు ఎవరి పద్దులోంచి రావాలన్నదే అసలు చిక్కు. కుక్కకు వేసే టీకా మనిషి ప్రాణం కోసమే కాబట్టి ఆ ఖర్చులో వైద్య శాఖ వాటా ఉండితీరాలి.

అందాకా పాఠకులు చేయగలిగింది ఇది. కుక్క కరిస్తే గాయానికి కారం, సున్నం, ఆకు పసరు పెట్టకండి. పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ రోజే మొదటి సూది వేయించుకోండి. తర్వాత దగ్గర్లోని పశువైద్యశాలకు వెళ్లి, కరిచిన కుక్క ఏ వీధిలో తిరుగుతోందో చెప్పి రండి.